తాత దాచిన బాదంకాయలు

పొద్దున తులసికి నీళ్లు పోద్దామని బాల్కనీలోకి వెళ్లేసరికి మొక్క పక్కకు ఒరిగి ఉంది. కుండీలో ఎవరో గుంత తీసినట్టుంది, సగం మట్టి కింద బండల మీద పడింది. నిలబెడదామని చేయి పెడితే వేలికి ఒక పల్లికాయ తగిలింది. పొట్టు కూడా చిట్లని నిండుకాయ. దాని మీద ఎండుటాకు కప్పి, ఆకు మీద చిన్న రాయి పెట్టి ఉంది.

లోపలి నుంచి మా కోడలు చూసింది.

"మల్ల ఆ కాకే గదా అత్తమ్మా? వల కట్టిస్తమని అసోసియేషనోళ్లు అడిగితే మీరే వద్దన్నరు. ఇగ రోజూ కడుగుకుంట కూసోండి."

ఆ మాటకు నాకు కోపం రావాలి. వచ్చింది గానీ కోడలి మీద కాదు. బీరంగూడలో మా మూడో అంతస్తు నుంచి కంటికి ఆనినంత మేరా మేడలే. ఒక కాకి తన పల్లికాయ దాచుకోవాలంటే నా కుండీలో జానెడు మట్టి తప్ప దానికి దిక్కు లేదు. నాకూ లేదు. తులసమ్మను నిలబెట్టి మట్టి అదుముతుంటే నా చిన్నప్పటి వానాకాలం ఒకటి గుర్తొచ్చి మనసు మండిపోయింది. ఆ ఏడు నేను చేసిన పని ఇంతవరకు ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మాది పటాన్‌చెరు పక్కన ఒక పల్లె. ఇప్పుడది షెడ్లలో, వెంచర్లలో కలిసిపోయింది. అప్పటికే ఊరికి ఒక పక్క నుంచి ఫ్యాక్టరీలు వస్తున్నాయి. గాలి తూర్పు నుంచి వీస్తే పేడ, జొన్నచొప్ప వాసన. పడమటి నుంచి వీస్తే ముక్కులో మండే మందుల వాసన. ఆ గాలి తిరగ్గానే నాయనమ్మ పరుగున వచ్చి జొన్నరొట్టెల మీద గుడ్డ కప్పేది. "రొట్టెకు పట్టిందంటే కడుపుల దాకా పోతది" అనేది.

అమ్మ నన్ను కన్న నెలకే పోయింది. నాయన రెండెకరాలు చేసుకుంటూనే ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయేవాడు. బడి పెద్దరోడ్డుకు అవతల ఉండేది, ఆ రోడ్డు మీద లారీలు ఆగేవి కావు. ఉన్న ఒక్క పిల్లను ఆ లారీల మధ్యలోకి పంపనని నాయన గట్టిగా చెప్పేశాడు. అందుకని నా చదువంతా ఇంట్లోనే. నాయనమ్మ తండ్రి భజనలు పాడే మనిషి. ఆయన దగ్గర నేర్చుకున్న అక్షరాలను ఆమె నాకు పొయ్యి బూడిద నేల మీద పరిచి దిద్దించేది. తప్పు పోతే అరచేత్తో చెరిపి మళ్లీ పరిచేది. ఈరోజు నేను ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ బూడిద పుణ్యమే. వేలు మీద దాని మెత్తదనం ఇంకా ఉంది.

నాకు ఏడాదిన్నర వయసులో, నడి ఎండాకాలం, ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చి ఫిట్సుతో కళ్లు తేలేశానట. నాయన షిఫ్టులో ఉన్నాడు. నాయనమ్మ నన్ను భుజాన వేసుకుని పెద్దరోడ్డు మీద బస్సు పట్టుకోవాలని బండ్ల బాట వెంట పరిగెత్తింది. ఆ బాట మైలుకు పైనే ఉంటుంది. ఒక్క చెట్టు లేదు. నన్ను దించి, కొంగు తడిపి ఒళ్లు తుడవడానికి గొడుగంత నీడ లేదు. నడిబాటలో ఎండలోనే నిలబడి శివయ్యకు మొక్కింది. "నా పిల్లను నాకు ఇడిసిపెట్టు. ఈ బాటెంట ఐదు నీడ చెట్లు పెంచుత. నా లెక్క ఎవరూ గిట్ల ఎండల నిలవడకుండ సూస్త."

నేను బతికాను. మొక్కు మిగిలింది.

తాత ఉన్నన్నాళ్లూ "వచ్చే వానాకాలం సూద్దాం తీ" అని దాటేస్తూ వచ్చాడు. ఆయన తీరే అంత. దేన్నైనా రేపటికి దాచే మనిషి. బెల్లం ముక్క, వేయించిన పల్లీలు, బీడీ కట్ట, ఏది చేతికొచ్చినా గూనపెంకుల సందులోనో గొంగడి మడతలోనో పెట్టేవాడు, ఎక్కడ పెట్టాడో మరిచిపోయేవాడు. ఆయన పోయాక గొంగడి దులిపితే పల్లీలు జలజల రాలాయి. నేను ఏరుకుని తిన్నాను. బీడీ వాసన వేశాయి.

ఆయనకు మూడోనాడు పిట్టకు పెట్టాం. ఊరి బయట మోదుగాకుల్లో అన్నం, గారెలు, ఆయనకు ఇష్టమైన పచ్చిపులుసు పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డాం. కాకి ముట్టేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. ఎంతసేపటికీ రాలేదు. చుట్టాలు ఎండలో ఆవులిస్తున్నారు. "ముసలాయనకు ఏం కోరిక మిగిలిందో" అని గుసగుసలు. నాయనమ్మ మొహం చిన్నబోయింది. చివరికి ఎడమ రెక్కలో ఒక ఈక లేని కాకి వచ్చి, ఆకు చుట్టూ రెండుసార్లు తిరిగింది. అన్నం ముట్టలేదు. ఒక గారె ముక్క నోట కరుచుకుని ఎగిరి, నేరుగా మా ఇంటి కప్పు మీద వాలి, పెంకు కింద దోపి, పైన ఇంత గడ్డి పోచ కప్పింది.

"ఆయనే!" అన్నది నాయనమ్మ. "సూడుండ్రి, సచ్చినా దాసిపెట్టుడు మానలే."

ఏడుస్తున్న వాళ్లంతా నవ్వేశారు. ఆ రోజు నుంచి ఆ కాకి మా ఇంటి మనిషి.

ఆ ఏడు మిరుగం కార్తె తొలివానలు పడగానే నాయనమ్మ మొక్కు పని మొదలుపెట్టింది. ఇక దాటేసే తాత లేడు. బాదం చెట్టయితే తొందరగా ఎదుగుతుంది, ఆకు పెద్దది, నీడ చిక్కగా ఉంటుందని లెక్క వేసింది. మా వెనకింట్లో ఊరంతా ఖాలా అని పిలిచే ముసలమ్మ ఉండేది. ఆమె వాకిట్లో ఊరికంతటికీ ఒక్కటే బాదం చెట్టు. రాలిన పండ్లకు పులుపూ వగరూ కలిసిన వాసన, కొరికితే పెదాలు నేరేడు తిన్నట్టు రంగు తేలేవి. ఖాలా చాటనిండా కాయలు ఇచ్చింది.

నాయనమ్మ బాట పక్కన ఐదు చోట్ల గుంతలు తీసి, పేడ ఎరువు వేసి, గుంతకు రెండు చొప్పున కాయలు పెట్టి, పసుపు చల్లి దండం పెట్టుకుంది. మేము ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కునే లోపల ఆ ఈక లేని కాకి రెండు గుంతలు తవ్వేసింది. మూడో గుంత దగ్గర మేము చూస్తుండగానే కాయ నోట పట్టుకుని మా వైపు ఓరగా చూసింది.

తాత బతికుండగా నాయనమ్మ ఆయనకు ఎదురు మాట్లాడి ఎరగదు. పేరు కూడా పలికేది కాదు. ఇప్పుడు కొంగు నడుముకు దోపి బాట మధ్యలో నిలబడి కడుపునిండా తిట్టింది.

"ఏమయ్యా, బతికున్నన్ని దినాలు రేపు రేపు అంటివి. ఇప్పుడన్న నన్ను చెయ్యనియ్యవా? నీ మనుమరాలి కోసమే గదా! ఇంత బుద్ధి లేకపాయెనా?"

కాకి ఎగిరిపోయింది, కాయతో సహా.

రాయి విసరబోయిన నా చేయి పట్టుకుని ఆపింది. "ఏయ్ పోరీ! తాతను కొడతవా?"

మళ్లీ కాయలు పెట్టాం. ఈసారి పైన తుమ్మకంపలు కప్పాం. కాకి కంప సందులో నుంచి ముక్కు పెట్టి లాగింది. పెద్ద బండరాళ్లు పెడితే రాళ్ల కింద కాయలు కుళ్లిపోయాయి. ఎట్లాగో రెండు మొలిస్తే మేకలు మేసిపోయాయి. మళ్లీ పెట్టి, బాట పక్క మోటబావి నీళ్లు పోశాం. ఆ బావి నీళ్లలో ఆ ఏడే సబ్బునురుగు లాంటిది తేలడం మొదలైంది. మొలకల ఆకు అంచులు కాలినట్టయి రాలిపోయాయి. నాయనమ్మ ప్రతిసారీ చాట పట్టుకుని ఖాలా ఇంటికి పోయేది.

"అరే అక్కా, మల్ల వస్తివా?" అనేది ఖాలా పాన్‌దాన్ మూస్తూ. "నీ మొగుడు పొద్దుగాల నుంచి నా చెట్టు మీదనే ఉన్నడు. కాయలన్నీ ఖరాబ్ చేస్తుండు. జెర ఇంటికి పిల్చుకపో!"

"నా మాట ఎన్నడన్న ఇన్నడా చెల్లే? నువ్వే చెప్పి సూడు."

"నేను చెప్తె సిగ్గుపడతడు," అని ఖాలా ఆకు నములుతూ నవ్వేది. వచ్చేటప్పుడు నా చేతిలో సేమ్యా గిన్నె పెట్టేది. ఆ నెయ్యి వాసనకు నాకు ఈ కాయలు మొలవకపోతేనే బాగుండునేమో అనిపించేది. పిల్లతనం.

నాకున్న పని కాకి మీద నిఘా. దాని తెలివి చెప్పాలి. కాయ పట్టుకుని నేల మీద దిగి అటూ ఇటూ చూస్తుంది. ముక్కుతో గుంత తీసి, కాయ దూర్చి, మట్టి లాగి, ఏ ఆకో పెంకో మూత పెడుతుంది. ఎవరైనా చూస్తున్నారని అనుమానం వచ్చిందా, కాయ మళ్లీ తీసుకుని ఇంకోచోటికి పోతుంది. అందుకని నేను చూడనట్టు అటు తిరిగి, రాళ్లు ఏరుకుంటున్నట్టు నటించి, ఓరగా చూసేదాన్ని. బాట పక్కన సాగు లేని పెద్ద బీడు ఒకటి ఉండేది. కాయల్లో ఎక్కువ ఆ బీడులోకే పోతున్నాయని కనిపెట్టాను. నాయనమ్మకు చెప్తే, "పోనీ తీ, ఆయన బుద్ధి అంతే. దాసిన తావు ఆయనకే యాదుండదు" అన్నది.

శ్రావణంలో నాకు జ్వరం వచ్చింది. పిల్లలందరికీ వచ్చే వాన జ్వరమే. కానీ నాయనమ్మకు అది వేరే జ్వరం. మూడు రోజులు నా పక్క విడవలేదు. నేను కళ్లు మూసుకుని పడుకుంటే నిద్రపోయాననుకుని ఆమె, నాయన మాట్లాడుకున్నారు.

"చెట్లకు, జరానికి ఏం సంబంధమే అమ్మా? డాక్టరు సూది ఇచ్చిండు, తగ్గుతది."

"సూది ఇచ్చింది డాక్టరే బిడ్డా. ఆనాడు నడిబాటల పిల్లనిచ్చినాయన వేరే ఉన్నడు. ఆయనకు నేను మాటిచ్చిన. ఎనిమిదేండ్లాయె. ఒక్క చెట్టు నిలవెట్టలేకపోయిన. ఎన్ని దినాలని సూస్తడు?"

"గట్ల పిల్లను తీస్కపోయే దేవుడైతే గాయనకు మొక్కుడెందుకు?"

"నోరు మూయ్. ఆయన తీస్కపోడు. నాకే మొఖం సెల్లుతలేదు."

ఆమె గొంతు వణికింది. దుప్పటి కింద నేను అంతా విన్నాను. నా ప్రాణం ఐదు చెట్లకు కట్టి ఉందని నాకు ఆ రోజే అర్థమైంది. చావు భయం కంటే, నాయనమ్మ గొంతు అట్లా వణకడం భరించలేకపోయాను. ఎప్పుడూ ఏదో ఒక దానికి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునే మనిషి. వాన పడితే దండం, రొట్టె పొంగితే దండం. అటువంటి మనిషి దేవుడి ముందు తలెత్తలేకపోతోంది, నా మూలంగా.

జ్వరం తగ్గిన వారానికి బీడులోకి వెళ్లాను. కాకి దాచిన చోట్లు కొన్ని నాకు గుర్తున్నాయి. తంగేడు పొద చాటున మొదటిది కనిపించింది. జానెడు మొక్క, గుండ్రటి పెద్ద ఆకులు, కాడ ఎర్రగా, ఏ రోగమూ లేకుండా నిగనిగలాడుతూ ఉంది. ఎవరూ నీళ్లు పోయలేదు, ఎవరూ కంప కట్టలేదు. నాకు ముందు ఏడుపు వచ్చింది, తర్వాత ఉపాయం వచ్చింది. ఐదు కావాలి. మూడు రోజులు పొదలన్నీ వెతికి ఐదు సంపాదించాను. కాళ్ల నిండా పల్లేరుకాయలు. ఒకనాడు మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుండగా కలుపు తీసే కుర్పి పట్టుకుపోయి ఐదింటినీ తవ్వాను. నేల గట్టిగా ఉంది. వేరు ఎంతకీ రాకపోతే కుర్పితో తెగ్గొట్టాను. తీసుకెళ్లి బాట పక్క నాయనమ్మ గుంతల్లో నాటి, పైన కంపలు పెట్టి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి అంబలి తాగాను.

మర్నాడు పొద్దున నాయనమ్మ బాట మీద నుంచి నన్ను పిలిచిన పిలుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"లేసినయే! ఐదింటికి ఐదు లేసినయే బిడ్డా! శివయ్య ఇన్నడే!"

ఆ బాట మట్టిలోనే సాగిలపడింది. కుంకుమ తెచ్చి ఒక్కొక్క మొక్క దగ్గర పెట్టింది. పుట్నాలు, బెల్లం ఊరంతా పంచింది. ఖాలాను చేయి పట్టి లాక్కొచ్చి చూపించింది. ఖాలా మొక్కల వైపు చూసి, నా వైపు చూసి, "రాత్రికి రాత్రి జానెడు లేసినయా అక్కా? మాషా అల్లా," అన్నది. నాయనమ్మకు వినిపించలేదు. ఆమె సంతోషం ముందు నాకు నా అబద్ధం చాలా మంచి పనిలాగా తోచింది.

రెండు రోజులు ముసురు పట్టి ఉంది. మొక్కలు బాగానే నిలబడ్డాయి. మూడోనాడు ఎండ కాసింది. మధ్యాహ్నానికి ఆకులు చెవులు వాల్చాయి. నాయనమ్మ బిందెలతో ఖాలా ఇంటి చేదబావి నీళ్లు మోసి పోసింది. సాయంత్రానికి ఇంకా వాలాయి. మర్నాడు తాటాకులు కోసి తెచ్చి పందిరి కట్టింది. నేనూ నీళ్లు మోశాను. ఐదోరోజుకు ఆకులు ముట్టుకుంటే గలగలమన్నాయి.

నాయనమ్మ ఒక మొక్కను మెల్లగా పైకి లాగింది. తేలిగ్గా వచ్చేసింది. వేలెడంత మొండివేరు, చివర కోసినట్టు తెల్లగా. ఇంకోటి లాగింది. అదీ అంతే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మట్టిలో ఉన్న మనిషి.

"గిది ఈడ మొలిచింది కాదు. తల్లివేరు తెగ్గొట్టిండ్రు. ఎవరే?"

ఖాలా పక్కనే ఉంది. నా గోళ్ల వైపు చూసింది గానీ నన్ను పట్టివ్వలేదు. నేనే చెప్పాను. ఏడుస్తూ అంతా చెప్పాను. దెబ్బలు పడతాయనుకున్నాను.

"ఏడికెళ్లి తెచ్చినవో సూపియ్యి," అన్నది అంతే.

బీడులోకి తీసుకెళ్లాను. ఐదు గుంతలూ చూపించాను. ప్రతి గుంత దగ్గరా వంగి చూసింది. ఆఖరు గుంత దగ్గర కూర్చుండిపోయింది. అక్కడి నుంచి బాట పది అడుగులు కూడా ఉండదు. చెట్టు పెరిగితే దాని నీడ బాట మీద పడుతుంది. నాకు అది అప్పుడే కనిపించింది.

"ఐదు లేసినయా?" అన్నది, తనలో తాను. "నాకు తెల్వకుండనే ఐదు నిలవెట్టిండా?"

"నాయినమ్మా, నేను..."

"నేను నాటితేంది, ఆయన నాటితేంది? తిట్టిన గదే. కంపలు గప్పిన, రాళ్లు వెట్టిన. ఆయన ఆయన పని చేసుకుంట పోయిండు. నేను పది బిందెలు మోసి సంపుకున్న."

నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నా ప్రాణానికి మొక్కిన మొక్కు తీరి నిలబడి ఉంటే, నా చేతులతో వేళ్లు తెగ్గోసి పీకాను. ఇన్నేళ్లయినా ఆ కుర్పి తగిలినప్పటి టక్కుమన్న చప్పుడు నాకు మరుపు రాదు.

ఆ తర్వాత ఆమె కాకిని తిట్టలేదు. ఖాలా చెట్టు కింద కాయలు ఏరి, బాట పక్కన ఒక బండ మీద పోసి వచ్చేది. "ఇగో, నీ ఇష్టం" అని చెప్పి వెనక్కి చూడకుండా వచ్చేది. కాకి ఎక్కడ దాస్తుందో చూడొద్దని నాకు గట్టి ఆజ్ఞ. కాయలు మాయమయ్యేవి. మేము వచ్చే వానాకాలం కోసం ఎదురు చూశాం.

వానల కంటే ముందు సున్నం గీతలు వచ్చాయి. బీడు, బాట, మోటబావి అన్నీ కలిపి ఒక కంపెనీ కొన్నదని నాయన చెప్పాడు. ఎండలు ముదిరేసరికి మనిషిన్నర ఎత్తు గోడ లేచింది. ఊరివాళ్లు రోడ్డుకు చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. నాయనమ్మ గోడ దగ్గర నిలబడి, "లోపల లేస్తున్నయో ఏమో బిడ్డా" అనేది. గోడ మాకే గానీ కాకికి అడ్డం కాదు. అది కాయతో గోడ దాటి లోపలికి పోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

నాయనమ్మ ఇంకా ఆరేళ్లు బతికింది. పోయే ముందు నా చేయి పట్టుకుని, "నాతోని కాలే. నువ్వు చెయ్యి," అన్నది. సరేనన్నాను.

అనడం తేలిక. సంగారెడ్డిలో కాపురానికి వచ్చి అన్నీ కిరాయి ఇళ్లలోనే ఉన్నాం. ఒక ఇంటి ముందు పెంచిన చెట్టును ఇంటావిడ ఆకులు ఊడ్వలేక కొట్టించింది. ఇంకోటి కరెంటు తీగల వాళ్లు నడుముకు నరికారు. కంది ఊరి దగ్గర రోడ్డు వెంట నాటిన రెండు చెట్లు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయాయి. ఇక్కడ అపార్టుమెంటులో అడిగితే వేళ్లు సంపులోకి పోతాయన్నారు. దేవుడు నాకు ఏ లోటూ చేయలేదు. మంచి మనిషిని ఇచ్చాడు, పిల్లలనిచ్చాడు, కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి. రోజూ చెప్పుకుంటాను, మనసారా చెప్పుకుంటాను. కానీ ఐదు చెట్లకు జాగా అడిగితే మాత్రం ప్రతిసారీ ఎవరో ఒకరిని గొడ్డలితో పంపిస్తాడు. ఇంత వయసొచ్చినా ఆ సంగతి నాకు అంతుబట్టదు.

తులసిని సరిచేసిన ఆ రోజే, కోడలికి గుడికి పోతున్నానని చెప్పి ఆటో ఎక్కాను. ఆ గోడ ఇంకా ఉంది. ఎత్తు పెంచి పైన ముళ్లతీగ వేశారు. లోపల రేకుల షెడ్ల మధ్య నుంచి గుబురుగా చెట్ల తలలు కనిపించాయి. అంతస్తులు అంతస్తులుగా చాచిన కొమ్మలు. బాదం చెట్లే. ఒక మూల నుంచి లెక్కపెడితే మూడు. గోడ వెంట నడిచి ఇంకో మూల నుంచి చూస్తే ఆకులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఏది ఎక్కడ మొదలైందో తెలియలేదు.

గేటు దగ్గర కాపలా అబ్బాయి ఉత్తరాది వాడు. ఖాలా దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలు కూడదీసుకుని, లోపల బాదం చెట్లు ఎన్ని ఉన్నాయని అడిగాను.

"వో బడా పత్తావాలా? చార్-పాంచ్ హోంగే, అమ్మా."

నాలుగైదు ఉంటాయట.

"చార్ యా పాంచ్?"

అతను నన్ను వింతగా చూశాడు. "క్యా ఫరక్ పడ్‌తా హై?"

ఏం తేడా పడుతుందో అతనికి ఏ భాషలో చెప్పను? ఒక్కసారి లోపలికి పోయి చూసి వస్తానన్నాను. మనా హై, ఎవరినీ పోనివ్వరు అన్నాడు. పోనీ నువ్వే చూసి రా బాబూ అంటే, సరేనని లేచాడు. ఇంతలో లారీ వచ్చి హారన్ కొట్టింది. దాని వెనక ఇంకోటి. అతను తాళాలు, కాగితాల పనిలో నన్ను మరిచిపోయాడు.

ఎండలో నిలబడే ఉన్నాను. షిఫ్టు విడిచారు. టిఫిన్ డబ్బాలతో బయటికొస్తున్న ఇద్దరు మనవాళ్లను ఆపి అడిగాను.

"బాదం చెట్లా? ఎందుకు లేవమ్మా, రోజూ వాటి కిందనే గదా మేం తినేది," అన్నాడు ఒకాయన. "సల్లగ ఉంటది. షెడ్డుల కూసుంటే పానం పోతది."

"ఎన్ని ఉన్నయి నాయనా?"

"నాలుగు."

"నాలుగేందిరా, ఐదు," అన్నాడు రెండో అతను. "బాయిలర్ ఎనకది లెక్కవెట్టినవా?"

"గది టేకురా!"

"టేకా? నీ మొఖం. బాదమే."

"కాయ కాసిందా ఎన్నడన్న? చెప్పు మరి!"

"ఆకు ఎర్రగయ్యి రాలుతదా బాబూ?" అని అడిగాను. టేకు ఆకు అట్లా ఎర్రబారదు.

రెండో అతను బస్సు వైపు చూస్తూ అన్నాడు, "ఏమో అమ్మా. బాయిలర్ దుమ్ముకు దాని ఆకు ఎప్పుడు సూసినా బూడిద రంగుల్నే ఉంటది." కంపెనీ బస్సు కదిలింది. పరుగెత్తి ఎక్కేశారు. కిటికీలో నుంచి కూడా ఒకరిని ఒకరు తోసుకుంటూ వాదించుకుంటూనే పోయారు.

ఇంటికి వచ్చాను. కోడలు, గుళ్లో జనం బాగా ఉన్నారా అని అడిగితే ఉన్నారన్నాను.

మర్నాడు పూజలో కూర్చుని, నాలుగు చెట్లు నిలిచినందుకు దండం పెట్టుకున్నాను. మనస్ఫూర్తిగానే పెట్టుకున్నాను. ఆ నీడలో రోజూ ఎవరో నాలుగు మెతుకులు తింటున్నారు, నడిబాటలో నాయనమ్మ అడిగింది అదే గదా అని చెప్పుకున్నాను. ఈ మాట ఆమెకు చెప్పడానికి ఆమె లేదు. ఆ తర్వాత ఆ ఐదోదాని సంగతి అడిగాను. అది బాదమా, టేకా, ఆ ఒక్కటి చెప్పు స్వామీ, ఇంకేమీ అడగను అన్నాను.

చెప్పలేదు.